బండి విప్పి చూసిన నాయుడుగారు, మన ఇంటి ఆట కంప్యూటర్



ఈ పేజీలో మనం పాళెగాళ్ల గురించి, మన పెద్దలు వలస వచ్చిన దారుల గురించి, ఇలవేల్పుల గురించి రాసుకుంటూ వచ్చాం. ఈసారి రాసేది కూడా చరిత్రే. కాకపోతే తాతలది కాదు, మనవళ్ల గదిలో ఉండే ఆట కంప్యూటర్‌ది. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి. చివరికి వచ్చేసరికి ఇది మన భాష సంగతి కూడా అని మీకే తెలుస్తుంది.

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇండ్ల కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా గడువు పెట్టింది. ఆ తర్వాత విండోస్ 11కి పోవాలి. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం కావాలి. అంటే 2015, 2016లో కొన్న కంప్యూటర్లు చాలావరకు బయటే నిలబడతాయి.

ఒట్టన్‌చత్రం చుట్టుపక్కల మన ఇండ్లలో ఇటువంటి పెట్టెలు తక్కువేమీ లేవు. మునగ తోటలో మంచి ధర వచ్చిన ఏడాది, మండీలో లెక్క తీరిన ఏడాది, పిలకాయల పోరు పడలేక కొన్నవి. గ్రాఫిక్స్ కార్డు బాగుంది, ఫ్యాను తిరుగుతోంది, ఆటలు ఆడుతున్నాయి. బావి మోటారు నిక్షేపంగా నీళ్లు తోడుతుంటే, స్టార్టర్ పెట్టె చేసినవాడు వచ్చి "ఈ మోటారుకు ఇక నా పెట్టె పనికిరాదు, మోటారే మార్చు" అన్నట్టుంది సంగతి. మనం ఏ రైతు ఇంట్లోనైనా ఆ మాట ఒప్పుకుంటామా? మరి కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకుంటున్నాం?

దీనికి జవాబు వెతకాలంటే ముందు కోయంబత్తూరు పోవాలి.

కలంగల్ పిల్లవాడు

జి.డి. నాయుడుగారి పేరు తెలియని ఇల్లు మనలో ఉండదు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఆయనకు ఒంటబట్టలేదు. ఒక తెల్లదొర నడిపే రడ్జ్ మోటారు సైకిల్‌ను చూసి మనసు పారేసుకున్నారు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో పని చేసి, డబ్బు కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ బండే కొన్నారు. ఆ రోజుల్లో మూడు వందలంటే చిన్న సొమ్ము కాదు.

అంత కష్టపడి కొన్న బండిని ఆయన ఊరంతా తిప్పుకుని మురిసిపోలేదు. ముక్క ముక్కగా విప్పేశారు. ఏది దేన్ని తిప్పుతుందో చూశారు. మళ్లీ కూర్చారు. ఆయన చదువు అంతా అక్కడే జరిగింది. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి స్వయంగా నడిపారు. మన ఊరి నుంచి పళని ఎంత దూరమో మీకు చెప్పనక్కరలేదు. ఆ ఒక్క బస్సు యూఎంఎస్ పేరుతో వందల బస్సుల సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి ఆయన దేశంలోనే మొదటిది అనదగిన విద్యుత్ మోటారు తయారు చేశారు. ఈరోజు కోయంబత్తూరు పంపుసెట్టు లేని బావి మన దిక్కున ఉందా?

ఆయన తెలివి అలా ఉంచి, ఇంకొక సంగతి చూడండి. ఆ బండిని విప్పడానికి వీలు ఉండింది. మరలు పైకి కనబడేవి, స్పానర్ పడితే ఊడేవి. "విప్పకూడదు, విప్పితే నేరం" అని బండి అమ్మినవాడు కాగితం రాయించుకోలేదు. ఆ రడ్జ్ బండి ఇంజను మీద మూత వేసి, సీలు కొట్టి అమ్మి ఉంటే మనకు జి.డి. నాయుడు దొరికేవారా?

కంప్యూటర్‌లో మూత వేసింది ఎవరు?

కంప్యూటర్‌లో రెండు భాగాలు. చేత్తో పట్టుకునేది యంత్రం. దానికి పని చెప్పేది ప్రోగ్రాము. ప్రోగ్రామును మనిషి చదవగలిగే అక్షరాల్లో రాస్తాడు, దాన్ని సోర్సు అంటారు. యంత్రానికి అందించేటప్పుడు దాన్ని సున్నాలు ఒకట్లుగా మారుస్తారు. ఆ సున్నాలు ఒకట్లు మాత్రమే అమ్మి సోర్సును దాచిపెట్టుకుంటే, కొన్నవాడు వాడుకోగలడు తప్ప విప్పి చూడలేడు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1960లలో, 70ల మొదట్లో కంప్యూటర్ కొంటే సోర్సు కూడా చేతికి వచ్చేది చాలాచోట్ల. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ పరిశోధనశాలకు జిరాక్స్ వాళ్ల కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్లకు కబురు పంపేలా పాత ప్రింటర్ ప్రోగ్రామును అక్కడి రిచర్డ్ స్టాల్‌మన్ మార్చి పెట్టుకుని ఉన్నారు. కొత్తదాన్ని కూడా అలాగే మారుద్దామంటే సోర్సు లేదు. ఉన్నవాణ్ని అడిగితే, ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. ఆ కడుపుమంటతో ఆయన 1983 సెప్టెంబర్ 27న గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించారు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు. ఒకే ఒక షరతు, నీకు వచ్చిన హక్కును నీ దగ్గర పుచ్చుకున్నవాడికీ ఇవ్వాలి. 1989లో దాన్ని జీపీఎల్ అనే లైసెన్సుగా రాసిపెట్టారు.

ఇది మనకు కొత్త ధర్మమేమీ కాదు. పాత కాలపు చెట్టు మునగ కొమ్మను పక్క తోటవాడు అడిగితే ఇచ్చేవాళ్లం. ఆ కొమ్మ నాటుకుని చెట్టయ్యాక అతను ఇంకొకరికి ఇచ్చేవాడు. కొమ్మ ఇచ్చినందువల్ల మన చెట్టు తరిగిపోలేదు. ఇప్పుడు టమోటాకు, క్యాబేజీకి హైబ్రిడ్ విత్తనం కొంటున్నాం. దిగుబడి బాగుంది, కాదనలేం. కానీ ఆ పంటలోంచి విత్తనం ఎత్తి పెట్టుకుంటే మరుసటి ఏడు అదే కాపు రాదు. ఏటేటా కంపెనీ పొట్లం కోసమే పోవాలి. మూత వేసిన ప్రోగ్రాము ఆ పొట్లం లాంటిది, సోర్సు ఇచ్చే ప్రోగ్రాము మునగ కొమ్మ లాంటిది. సంతలో మనకు రెండూ అవసరమే. కానీ ఊరంతటా పొట్లాలే మిగిలి కొమ్మ ఇచ్చేవాడే లేకుండా పోతే రైతు బతుకు ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు.

ఆటలోంచే పుట్టిన సంగతి

"లినక్స్ అంటే ఆఫీసులకు, సర్వర్లకు, ఆటలకు కాదు" అని పిలకాయలే అంటుంటారు. చరిత్ర చూస్తే నవ్వొస్తుంది.

1969లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ అనే ఇంజనీరు స్పేస్ ట్రావెల్ అనే ఆట రాసుకున్నాడు. పెద్ద కంప్యూటర్ మీద ఆ ఆట ఆడితే ఖర్చు ఎక్కువ. మూలన పడి ఉన్న పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీదికి దాన్ని మార్చాడు. అలా ఆ యంత్రంతో పరిచయం పెరిగి, దాని మీదే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టాడు.

1991లో ఫిన్లాండ్ దేశం హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదివే ఇరవై ఒక్క ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ ఒక 386 కంప్యూటర్ కొన్నాడు. చదువు కోసం తెప్పించుకున్న మినిక్స్ అనే సిస్టమ్ వచ్చేదాకా ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఆడుతూ కూర్చున్నానని తన జీవితకథలో ఆయనే రాసుకున్నాడు. ఆ ఏడాది ఆగస్టు 25న, తాను సరదాకు ఒక సిస్టమ్ రాస్తున్నానని తోటివాళ్లకు తెలిపాడు. యూనిక్స్ నడకతో రాసిన ఆ సిస్టమే లినక్స్. 1992లో దాన్ని జీపీఎల్ కింద పెట్టాడు. అంటే ప్రపంచానికి మునగ కొమ్మ ఇచ్చాడు. ఇప్పుడు మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. మన అవ్వలు పొద్దున్నే సుప్రభాతం వినేది కూడా దాని మీదే.

దుబాసీ కథ

మరి ఆటలు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? ఆటలు చేసేవాళ్లు విండోస్ భాషలోనే రాసేవారు గనుక. డూమ్ ఆట 1994లోనే లినక్స్‌కు వచ్చింది. 1998లో లోకి సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ఆటల్ని లినక్స్‌కు మార్చి అమ్మడం మొదలుపెట్టింది. కొనేవాళ్లు చాలక 2002లో మూతపడింది. ఒక్కొక్క ఆటనూ కూర్చుని మార్చడం జరిగే పని కాదని దాంతో తేలిపోయింది.

ఇంకొక దారి ఉంది. కుంపిణీ కాలంలో చెన్నపట్నంలో దుబాసీలు ఉండేవారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. దొర ఒక భాషలో అంటే, వర్తకుడికి వాడి భాషలో చెప్పేవారు. ఇద్దరూ ఎదుటివాడి భాష నేర్చుకోనక్కరలేదు, బేరం సాగిపోయేది. 1993లో మొదలైన వైన్ అనే ప్రోగ్రాము ఇటువంటి దుబాసీ. ఆట విండోస్‌ను "ఈ ఫైలు తెరువు, ఈ బొమ్మ గీయి" అని అడిగితే, ఆ మాటను వైన్ లినక్స్ మాటగా మార్చి పని చేయించి పెడుతుంది. ఈ దుబాసీకి విండోస్ సోర్సు ఎవరూ చూపించలేదు. బయట నుంచి చూసి, ఏ మాటకు ఏ జవాబు వస్తోందో పరీక్షించి నేర్చుకుంది. అందుకే మొదటి వెర్షన్ 1.0 రావడానికి పదిహేనేళ్లు పట్టి 2008 అయింది.

ఇంకా బొమ్మల చిక్కు మిగిలింది. విండోస్ ఆటలు బొమ్మలు గీసేది డైరెక్ట్3డీ అనే పద్ధతిలో. 2016లో వల్కన్ అనే బహిరంగ పద్ధతి వచ్చింది. నియర్ ఆటొమాటా అనే తనకు ఇష్టమైన ఒక్క ఆటను లినక్స్ మీద ఆడుకోవాలని ఫిలిప్ రెబోలె అనే కుర్రవాడు డైరెక్ట్3డీ మాటల్ని వల్కన్ మాటలుగా మార్చే డీఎక్స్‌వీకే రాశాడు. అతని ఒక్కడి ముచ్చట లోకమంతటికీ దారి వేసింది.

ఆటలు అమ్మే స్టీమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీకి ఈలోగా వేరే భయం పట్టుకుంది. విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం పెట్టేసరికి, రేపు మన అంగడిని మూయిస్తే ఏం గతి అనుకుంది. 2013 ఫిబ్రవరిలో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చింది. 2015లో స్టీమ్ మెషీన్లు అమ్మించింది, అవి పోలేదు. అయినా వదలలేదు. వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ కలిపి ప్రోటాన్ అని పేరు పెట్టి 2018 ఆగస్టు 21న విడుదల చేసింది. మొదటి రోజు పరీక్షించి హామీ ఇచ్చిన ఆటలు 27 మాత్రమే. ఇప్పుడు వేల ఆటలు ఆడుతున్నాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం నడిచేది లినక్స్ మీదే. 2025 అక్టోబర్‌లో స్టీమ్ సొంత లెక్కల్లో లినక్స్ వాడేవాళ్లు మొదటిసారి 3 శాతం దాటారు. చిన్న సంఖ్యే. కానీ ముప్ఫై ఏళ్ల పట్టుదల అది.

మన గడప దాకా వచ్చి వెనక్కి పోయింది

ఇదంతా పరాయి దేశాల కథ అనుకోకండి. తమిళనాడు ప్రభుత్వ సంస్థ ఎల్కాట్‌లో 2006, 2007 ప్రాంతంలో ఉమాశంకర్ అనే ఐఏఎస్ అధికారి కంప్యూటర్లన్నిటినీ లినక్స్‌కు మార్పించారు. చెన్నైలోని సీడాక్ సంస్థ 2007లో బాస్ అనే లినక్స్‌ను విడుదల చేసింది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అని దాని పూర్తి పేరు. తెలుగుతో సహా మన దేశ భాషలకు అందులో చోటు పెట్టారు.

2011 సెప్టెంబర్ 15న ముఖ్యమంత్రి జయలలిత ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలుపెట్టారు. ప్లస్ టూ చదివిన మన పిలకాయలు ఎందరికో అది వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే రెండు పేర్లు కనబడేవి, ఒకటి విండోస్, ఇంకొకటి బాస్. రెండోదాన్ని నొక్కి చూసినవాళ్లు మనలో ఎంతమంది? ఊరూరా ఆ ల్యాప్‌టాప్ పాటలకు, సినిమాలకు, కాసిన్ని ఆటలకు వాడి, బ్యాటరీ పోయాక అటక ఎక్కించారు. రెండో తలుపు ఉందని చూపించిన పంతులు లేడు, అడిగిన పెద్దా లేడు.

పక్కనున్న కేరళలో వేరేగా జరిగింది. అక్కడి ప్రభుత్వం ఐటీ@స్కూల్ అని పెట్టి, పంతుళ్లకు ముందు నేర్పించి, సర్కారు బడుల్లో లినక్స్ మీదే కంప్యూటర్ పాఠం చెప్పించింది. మన ఒట్టన్‌చత్రం సంత నుంచి రాత్రికి రాత్రి లారీల్లో పోయే కూరగాయలు తిని పెరిగిన పిల్లలు లినక్స్ మీద చదువుకున్నారు. కూర పంపిన మనకు మాత్రం ఆ చదువు అందలేదు.

భాష సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తల్లిభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, ఉద్యోగానికి ఇంగ్లీషు. ఈ పేజీ చదివేవాళ్లలోనూ తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. అవ్వ చెప్పిన మాటను తమిళ లిపిలో రాస్తే క, ఖ, గ, ఘ నాలుగూ ఒకటే అయిపోతాయి. గడప, కడప తేడా తెలియదు.

మన కోసం ఏ పెద్ద కంపెనీ అయినా పని పెట్టుకుంటుందా? లాభం చూసుకునేవాడికి మన సంఖ్య చాలదు. కంప్యూటర్‌లో తెలుగుకు దారి వేసినవాళ్లలో అలాంటి లాభం చూడనివాళ్లు ఉన్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన అనే ఖతులు గీసి ఉచితంగా ఇచ్చారు. 2004లో రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగు ఖతిని జీపీఎల్ కింద విడుదల చేసింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగులో నడిచే లినక్స్ కోసం పనిచేస్తూ వచ్చింది. గ్నోమ్, కేడీఈ వంటి లినక్స్ తెరల్లోని మాటల్ని స్వచ్ఛందంగా తెలుగు చేసినవాళ్లు ఎందరో.

ఈరోజు లినక్స్ వేసి భాష తెలుగు అని ఎంచుకుంటే, మెనూలు తెలుగులో వస్తాయి. అంతా రాదు, అక్కడక్కడ ఇంగ్లీషు మిగిలే ఉంటుంది. కానీ ఆ మిగిలిన మాటను తెలుగు చేసి పంపే హక్కు ఒట్టన్‌చత్రంలో కూర్చున్న మన పిల్లకూ ఉంది. ఇంకొక సంగతి వినండి. లినక్స్‌లో తెలుగు టైపు చేసే ఎం17ఎన్ పద్ధతిలో, ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో ఒక మామూలు ఫైలులో రాసి ఉంటుంది. దాన్ని తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు. తమిళ మీటలు అలవాటైన మన అత్తలకు, మామలకు, ఆ అలవాటు మీదే తెలుగు అక్షరాలు పలికేలా ఒక పట్టిక మనమే రాసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కరలేదు. జి.డి. నాయుడుగారి చేతిలో స్పానర్ ఉన్నట్టే ఇది.

ఆటల కోసం లినక్స్ వేసుకున్న పిల్లవాడికి ఈ స్పానర్ ఉచితంగా దొరుకుతుంది. అందుకే ఆట కంప్యూటర్ గురించి సంఘం పేజీలో ఇంత రాస్తున్నాం.

ఉన్నది ఉన్నట్టు

పిలకాయలకు ముందే చెప్పాలి, అన్ని ఆటలూ ఆడవు. వలోరాంట్ ఆడదు. ఫోర్ట్‌నైట్ ఆడదు. ఏపెక్స్ లెజెండ్స్‌ను 2024 అక్టోబర్ నుంచి లినక్స్‌లో ఆపేశారు. దొంగాట పట్టే కాపలా ప్రోగ్రాములు విండోస్ లోతుల్లో కూర్చోవాలంటాయి, ఆ ఆటల యజమానులు లినక్స్‌ను ఒప్పుకోరు. ఆ ఆటలే ప్రాణమైతే మారకండి. కౌంటర్‌స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌కే చేశారు. ఒంటరిగా ఆడే ఆటలు చాలావరకు ప్రోటాన్ మీద నడుస్తాయి. ప్రోటాన్‌డీబీ అనే చోట ఆట పేరు కొట్టి చూస్తే, ఆడినవాళ్లు ఏం చెప్పారో తెలుస్తుంది.

చేసే వరుస ఇది. మొదట ఫోటోలు, లెక్కలు, చదువు ఫైళ్లు వేరే డిస్కులోకి ఎత్తి పెట్టాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ కానీ, ఆటల కోసమే కూర్చిన బజైట్ కానీ ఎక్కించాలి. మింట్ అయితే పెన్‌డ్రైవ్ మీదే నడిపి, తెర, శబ్దం, వైఫై సరిగా వస్తున్నాయా అని చూడవచ్చు. అంతా నచ్చితేనే లోపల వేయాలి. ఎన్విడియా జీటీఎక్స్ 900, 1000 వరుస కార్డులకు 580 డ్రైవరే చివరిది, దాన్నే ఎంచుకోవాలి. ఏఎండీ కార్డులకు డ్రైవర్ లినక్స్‌లోనే ఉంటుంది. ఆటలు పెట్టే డిస్కును విండోస్ పద్ధతిలో ఉంచకుండా లినక్స్ పద్ధతిలోకి మార్చితే తలనొప్పులు తగ్గుతాయి.

ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉంటే, అదే మండీ లెక్కలకు, వడ్డీ లెక్కలకు కూడా వాడుతుంటే, తొందరపడవద్దు. లెక్కల ప్రోగ్రాము లినక్స్‌లో నడుస్తుందో లేదో ముందు తేల్చుకోండి. నడవకపోతే రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన పెట్టుకోవచ్చు, 2011 ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టే. ఈసారి మాత్రం రెండో తలుపు తెరిచి చూడండి.

మన ఇండ్ల అటకల మీద ఉచిత ల్యాప్‌టాప్‌లు ఎన్ని ఉన్నాయో, విండోస్ 11 వద్దన్న పెట్టెలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసి సంఘానికి చెప్పండి. పాత ఇనుప సామాన్ల బండికి వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. పనికొచ్చే వాటిని ఒకచోట చేర్చి, లినక్స్ వేసి, తెలుగు అక్షరాలు నేర్చుకోవాలనుకునే పిలకాయలకు ఇవ్వవచ్చునని మా ఆలోచన. సాయంత్రం ఒక గంట ఆట, ఒక గంట అక్షరం. చేయి కలిపేవాళ్లు పేరు చెప్పండి, వచ్చే కూటమిలో కూర్చుని మాట్లాడుకుందాం.